సలోమమ్మగారి పాటని శుభ్రం చేశాను

నవ్వాలనిపిస్తే నవ్వండి గానీ, మధ్యలో ఆపకండి. టీ చల్లారిపోయినా సరే పూర్తిగా వినాల్సిందే. ఒక క్రిస్మస్ పొద్దున్న, ఇసకేస్తే రాలనంత జనం ఉన్న చర్చిని నేను ఒక్కడినే మూగదాన్ని చేసి కూర్చోబెట్టాను! చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు. మాస్టరింగ్ చేశాను, అంతే!

ఇది సెల్‌ఫోన్‌కి ఇన్‌కమింగ్ ఫ్రీ అయిందని నర్సీపట్నం అంతా సంబరపడుతున్న రోజుల సంగతి. ఎరువుల షాపు మీద మేడగదిలో ఉండేది నా స్టూడియో. స్టూడియో అంటే మరీ ఊహించుకోకండి. అసెంబుల్డ్ కంప్యూటరొకటి, బండరాయంత మానిటరొకటి, కీబోర్డొకటి, రెండు సౌండ్ బాక్సులు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. కింద నుంచి యూరియా వాసన, కిటికీలోంచి కృష్ణదేవిపేట ఆటోల హారన్లు. ఆంప్లిఫయర్ వాల్యూమ్ బిరడా విరిగిపోతే, ఏటికొప్పాక స్నేహితుడొకడు బొమ్మలు చేసే కర్రతో, ఎర్ర లక్క రంగు వేసి కొత్తది చేసిచ్చాడు. ఇప్పుడు తల్చుకుంటే ఎంత ముద్దొస్తుందో ఆ గది! నాకు అప్పుడది స్వర్గం.

నేను ఎలక్ట్రానిక్ మ్యూజిషియన్ని. ఈ మాట నర్సీపట్నంలో చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది. 'వరాహ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అండ్ మాస్టరింగ్' అని బోర్డు పెట్టిన రోజే ఓ పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, సంచిలోంచి మిక్సీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది తిరగట్నేదు బాబూ. బేగి సూడు, పిండి రుబ్బుకోవాల."

"మిక్సీలు బాగుచెయ్యడం నాకు రాదమ్మా."

"మరెందుకు బోర్డెట్టినావు?"

స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. బాగయింది కూడా! దాంతో ఆ నెలంతా మిక్సీలే.

మా నాన్న చెరకు రైతు. నేను చేసేదేమిటో ఆయనకి అర్థమయ్యేలా చెబ్దామని ఓ రోజు తెగ ప్రయత్నించాను. "పాట ఇంకెవరో పాడతారు నాన్నా. ఇంకెవరో రికార్డు చేస్తారు. ఆఖర్న నా దగ్గరికొస్తుంది. నేను హెచ్చుతగ్గులు సరిచేసి, మరకలు తీసి, నున్నగా చేసిస్తాను."

ఆయన చుట్ట వెలిగించుకుని, "అంటే పాటకి ఇస్త్రీ అన్నమాట" అన్నాడు.

అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు, నాకూ తెలుసు. కానీ డిగ్రీ చదివిన కొడుకుని కదా, ఉక్రోషంతో రెండ్రోజులు మాట్లాడలేదు.

సొంతంగా ఆల్బమ్‌లు కూడా చేశాను. మా ఊరి చెరకు గానుగ చప్పుడు రికార్డు చేసి, దాని మీద బీటు వేసి, ఆహా, ప్రపంచం దద్దరిల్లిపోతుందనుకున్నాను. ఓ ఆటో అతనికి సీడీ ఊరికే ఇచ్చాను, దారంతా వేస్తే పేరొస్తుందని. సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చేశాడు.

"తప్పుగా అనుకోకు బాబూ. మద్దిలో ఇంజను సౌండొకటొత్తంది. బండి పాడయిపోనాదేటో అని దిగి సూసుకుంటన్నాను. పాసింజర్లు తిడతన్నారు."

అలాంటి రోజుల్లో వచ్చారు సలోమమ్మగారు.

ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో నా ఈడువాళ్ళు సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. నేనూ అంతే. "నువ్వు పుట్టగానే ఏడ్చిన ఏడుపు శ్రుతిలోనే ఉందిరా" అనేవారు కనబడినప్పుడల్లా. నా సంగీతం గురించి ఆ ఊళ్ళో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

చర్చిలో క్రిస్మస్ ఆరాధన ఆవిడ పాటతోనే మొదలవుతుంది. వాళ్ళ మామగారు కట్టిన పాటట. పుస్తకాల్లో లేదు. ఆవిడ ఒక చరణం పాడితే, జనం అదే చరణాన్ని తిరిగి పాడతారు. ముందు వాళ్ళ అత్తగారు పాడేవారు, తరవాత ఈవిడ. మాది చర్చికెళ్ళే ఇల్లు కాదు గానీ, చిన్నప్పుడు కేకు కోసం వెళ్ళి గుమ్మంలో నిలబడేవాణ్ణి కనక కొంచెం కొంచెం గుర్తు. కొంచెమే. అక్కడే వచ్చింది తంటా.

ఆ రోజు చేతిలో బట్టల సంచితో, పక్కన వాళ్ళన్నయ్య జ్ఞానంగారితో వచ్చారు. జ్ఞానంగారు రిటైరయిన స్కూలు మాస్టారు, చర్చిలో హార్మోనియం ఆయనదే.

"ఏరా శ్రీనూ, బాగున్నావేటి? ఇదిగో, ఈ క్యాసెట్లో నా పాటుంది. నిన్న చర్చిలో కూర్చుని నేనూ అన్నయ్యా రికార్డు చేసుకున్నాం. నా గొంతులో చిన్న గడ్డ లేచిందిరా. విశాఖపట్నంలో ఆపరేషను. అయ్యాక ఇదే గొంతు వస్తాదో, ఇంకోటి వస్తాదో డాక్టరుగారే చెప్పలేకపోతున్నారు. క్రిస్మస్‌కి నేను నోరిప్పకూడదు. గుసగుస కూడా వద్దన్నారు."

జ్ఞానంగారు అందుకున్నారు. "కుర్రోళ్ళు ఈ ఏడు మొదటి పాట మాకిచ్చెయ్యండి, డ్రమ్ములూ కీబోర్డూ పెట్టి కొత్త పాట పాడతాం అంటున్నారు బాబూ. పాస్టరుగారు ఏమన్నారంటే, ఈ ఒక్కసారీ సీడీ వేసి చూద్దాం, జనం దాంతో కలిసి పాడితే సరేసరి, కుదరకపోతే మొదటి పాట ఇంక కుర్రోళ్ళదే అన్నారు."

సలోమమ్మగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "వాళ్ళ మీద కోపం లేదురా నాకు. పాడనీ. కానీ మా అత్తగారి పాట నా చేతిలో ఆగిపోకూడదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు సీడీలో ఎక్కించు. మెరుగులు దిద్దకు."

"మీకెందుకండీ, నాకొదిలెయ్యండి. అద్దంలా చేసిస్తాను!"

"అద్దం వద్దురా. పాట చాలు" అన్నారు. కింద బస్సుకి టైమైపోతోందని జ్ఞానంగారు తొందరపెడితే దిగి వెళ్ళిపోయారు.

తలుపేసుకుని క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఒళ్ళు ఝల్లుమంది! ఏం గొంతండీ అది! కంచుగంట. వయసు తెలుస్తోంది, జబ్బు కూడా తెలుస్తోంది, అయినా నిలబెట్టి వినిపించుకుంటోంది. ఆవిడకి నేను బాకీ ఉన్నాననిపించింది. ఈ ఒక్క పనీ నా జీవితంలో అన్నిటికన్నా బాగా చెయ్యాలనుకున్నాను. ఎప్పుడైనా సరే, ఈ మాట అనుకున్నానంటే కొంప మునిగిందన్నమాటే.

క్యాసెట్లో సరసర చప్పుడుంది. తగ్గించాను. మధ్యలో పిచ్చికలు అరిచాయి. తీసేశాను. ఓ ఆటో హారనుంది. అదీ తీసేశాను. ఇంతవరకూ ఎవరైనా చేసేదే.

ఇంకొకటుంది. ప్రతి చరణం అవగానే సలోమమ్మగారు గొంతు సవరించుకుంటున్నారు. "ఎహెఁం" అని పెద్దగా, సాగదీసి. ఆ తరవాత కాసేపు హార్మోనియం ఒక్కటే మోగుతుంది. మళ్ళీ "హెం" అని పొట్టిగా ఒకటి. వెంటనే తరవాతి చరణం. పాట మొత్తం ఇదే వరస!

పాపం, గొంతులో గడ్డ కదా, ఎంత బాధపడుతూ పాడారో అనుకున్నాను. క్రిస్మస్ రోజున ఇంతమందీ పెద్ద బాక్సుల్లో ఆ బాధ వినాలా? అయ్యో పాపం అని జాలిపడాలా? వీల్లేదు. నేనుండగా వీల్లేదు!

కూర్చున్నాను. మీకు తెలుసుగా, కంప్యూటర్ తెర మీద పాట కొండల్లా కనిపిస్తుంది. పెద్ద కొండల మధ్య చిన్న పుట్టలాంటిది కనిపిస్తే అది ఎహెం. పట్టుకోవడం, కొయ్యడం, ఆ ఖాళీలో హార్మోనియం ముక్క తెచ్చి అతికించడం. కరెంటు పోతే యూపీఎస్ కీచుమనేది, బేగి సేవ్ చేసి ఆపడం, కరెంటొచ్చాక మళ్ళీ మొదలు. మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. ఆఖరికి ఎలా తయారయ్యానంటే, అన్నం తింటూ కూడా పాట మనసులో నడుస్తుంటే, ఎహెం వచ్చే చోట చెయ్యి దానంతటదే మౌస్ నొక్కినట్టు కంచంలో కదిలేది. మా అమ్మ భయపడి తాయెత్తు కట్టించింది.

అయిపోయింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. నేను నా జీవితంలో చేసిన అతి గొప్ప మాస్టరింగ్ అండీ అది. ఇప్పటికీ అదే మాట అంటాను.

ఆపరేషన్ అయి సలోమమ్మగారు తిరిగొచ్చారు. మెడకి శాలువా, మెడలోంచి తాడుతో వేలాడే పలక! మనవరాలి పలకట. ఏం చెప్పాలన్నా దాని మీద రాయడమే. నర్సుగా అంతమందిని గడగడలాడించిన మనిషి అలా పలక పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టి పాట వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచారు. మొహంలో సంతోషం లేదు. పలక మీద రాశారు:

'ఏదో పోయింది.'

"ఏం పోయిందండీ?"

తుడిచి మళ్ళీ రాశారు: 'తెలీదు.'

నేనేమన్నానో తెలుసా? కాలు మీద కాలేసుకుని, నవ్వుతూ, "పోయింది నాయిస్ అండీ!" అన్నాను.

ఆవిడతో వచ్చిన జ్ఞానంగారు కూడా విన్నారు. "చాలా శుభ్రంగా ఉంది బాబూ" అని, హెడ్‌ఫోన్స్ తీస్తూ, "మరీ శుభ్రంగా ఉందేటో" అన్నారు. అదీ మెచ్చుకోలే అనుకున్నాను. అంత పొగరు!

క్రిస్మస్ వచ్చింది. పొద్దున్నే మంచు ఇంకా విడలేదు. చర్చి అంతా రంగు కాగితాల నక్షత్రాలు. కొత్త బట్టల వాసన, పెట్టెల్లోంచి తీసిన కోట్ల నుంచి కలరా ఉండల వాసన, వెనక గదిలోంచి కేకు వాసన. నేను కూడా కొత్త చొక్కా వేసుకున్నాను. నా ఆంప్లిఫయర్, దాని ఎర్ర లక్క బిరడా, నా సీడీ ప్లేయరు. పక్కనే మైకు. వెనక మూల కుర్రాళ్ళు కీబోర్డు మీద దుప్పటి కప్పి, డ్రమ్ముల పక్కన సిద్ధంగా నిలబడ్డారు. ముందు వరసలో సలోమమ్మగారు, తెల్ల చీర, ఒళ్ళో పలక. అటుపక్క జ్ఞానంగారు, ఇవాళ హార్మోనియం సీడీలోదే కనక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

పాస్టరుగారు లేచి, "ఆనవాయితీ ప్రకారం మన సలోమమ్మగారి పాటతో ఆరాధన మొదలుపెడదాం. ఆవిడ గొంతు సీడీలో వస్తుంది. మీరంతా ఎప్పట్లాగే అందుకోండి" అన్నారు. నాకేసి చూసి తలూపారు. నేను బటన్ నొక్కాను.

మొదటి చరణం. కంచుగంట మోగింది! ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. "అచ్చం ఎదురుగా నిలబడి పాడినట్టే ఉందమ్మా" అన్నారెవరో. నాకు ఛాతీ పొంగిపోయింది. చొక్కా గుండీ తెగుతుందేమో అన్నంతగా.

చరణం అయింది. హార్మోనియం మోగుతోంది.

ఎవరూ పాడలేదు.

అందరూ ఊపిరి బిగబట్టి, నోళ్ళు సగం తెరిచి నిలబడ్డారు. చేప పిల్లల్లా. హార్మోనియం మోగుతూనే ఉంది. ఇంతలో సీడీలో రెండో చరణం వచ్చేసింది. దాని మీద కుడిపక్క మగవాళ్ళు కొందరు ఖంగారుగా మొదటి చరణం ఎత్తుకున్నారు. ఎడమపక్క ఆడవాళ్ళు రెండోది ఎత్తుకున్నారు. వెనక ఒకాయన ఒక్కడే గట్టిగా మొదలెట్టి, పక్కన ఎవరూ పాడట్లేదని చూసుకుని, ఠక్కున ఆపి చేతిలో ఉన్న బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. మూడో చరణానికి అందరూ భయపడి మళ్ళీ నోరు మూసుకున్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు.

పాస్టరుగారు చేత్తో సైగ చేశారు. సౌండు చాలట్లేదేమో అనుకుని ఎర్ర బిరడా తిప్పాను. ఇప్పుడు అంత చర్చిలో హార్మోనియం ఒక్కటే భోరుమంటోంది! నాకు చెమటలు పట్టేశాయి. అసలేమైందో అర్థమైతే కదా!

అప్పుడు చూశాను సలోమమ్మగారి వైపు. ఆవిడ తలొంచుకుని పలకకేసి చూస్తున్నారు. పక్కనున్నావిడ ఏదో అడిగితే తలెత్తలేదు. వెనక మూల కుర్రాళ్ళు కీబోర్డు మీద దుప్పటి మెల్లగా తీస్తున్నారు. వాళ్ళ తప్పేముంది? కుదరలేదు కదా మరి. ఆ దుప్పటి జారడం చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారి పాట నా చేతిలో ఆగిపోకూడదన్న మనిషి, నా చేతిలో పెట్టి వెళ్ళిన మనిషి... ఛ! నేల చీలితే బాగుండుననిపించింది.

అదిగో, అప్పుడు లేచాడు దానయ్య తాత. బాగా పెద్దవాడు, చూపు ఆనదు. ఇవాళ పాట సీడీలో వస్తోందన్న సంగతి కూడా ఆయనకి ఎక్కినట్టు లేదు. కర్ర నేలకేసి కొట్టి అరిచాడు.

"ఓలమ్మా సలోమీ! గొంతు సవరించుకోవేటమ్మా? నువ్వు ఎహెం అంటే కదా మేం ఎత్తుకుంతాం! అనకుండా అలాగ పాడుకుంటూ ఎల్లిపోతే ఎలగ?"

తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. తరవాత చర్చి మొత్తం "అవును!" అంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. "అదేనే, అదే లేదు!" "అందుకే నా నోరు పెగల్లేదు!" "హెం అంటే కదా మనం ఆపేది!" ఇన్నేళ్ళుగా పాడుతున్నారు, ఒక్కరికీ తెలీదు తాము దేన్ని పట్టుకుని పాడుతున్నారో! తాళం లేదు, లెక్క లేదు. పెద్ద ఎహెం అంటే మీరు ఎత్తుకోండని. పొట్టి హెం అంటే ఆపండి, ఇంక నేను పాడతానని. అంతే వ్యవహారం.

అన్నిటికన్నా విచిత్రం, సలోమమ్మగారికీ తెలీదు! చెయ్యి గొంతు మీద వేసుకుని అలా ఉండిపోయారు. అప్పుడు మెల్లగా నావైపు తిరిగారు. బలపం తీశారు. పలక ఎత్తి చూపించారు.

'నా ఎహెం ఏదిరా?'

నేను సీడీ ఆపేశాను. పాస్టరుగారు దగ్గరికొచ్చి, "బాబూ, అవి అందులో ఉన్నాయా?" అన్నారు.

"తీసేశానండీ."

"అన్నీనా?"

"ఒక్కటి కూడా వదల్లేదండీ" అన్నాను. ఇంకెప్పుడైనా అయితే ఎంత గర్వంగా చెప్పుకునేవాణ్ణో ఆ మాట.

అసలు క్యాసెట్ మేడగదిలో ఉంది. క్యాసెట్ ప్లేయర్ తేలేదు. నేను వెళ్ళి తెచ్చి తగిలించేలోగా మొదటి పాటా రెండో పాటా కూడా అయిపోతాయి. "పర్లేదు, నేనంటాను" అని పాస్టరుగారు మైకు పట్టుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఆయన చరణం మధ్యలో ఎహెం అనేశారు. జనం దభాల్న సలోమమ్మగారి గొంతు మీదకి దూకేశారు. ఆపాం. జ్ఞానంగారు లేచారు. ఆయనది పొడి దగ్గు. మొదలైతే ఆగదు. "ఎహెం... ఎహె... ఖళ్ళు ఖళ్ళు" మంటూ కూలబడిపోతే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. చర్చంతా నవ్వులు. సలోమమ్మగారు మాత్రం నవ్వలేదు. నావైపే చూస్తున్నారు. 

అప్పుడు వెలిగింది నా బుర్రలో. సలోమమ్మగారి ఎహెంలు ఎక్కడెక్కడున్నాయో ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు. వాటిని వెతికి వెతికి కోసినవాడికి!

"నేనంటానండీ" అన్నాను.

మైకు తీసుకున్నాను. బటన్ నొక్కాను. చరణం అయింది. ఎహెం అన్నాను. అన్నాననే అనుకున్నాను, పిల్లి పిల్ల మూలిగినట్టు వచ్చింది. ముందు వరస మాత్రమే అందుకుంది. సలోమమ్మగారు విసురుగా లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. అరచేత్తో ఛాతీ మీద కొట్టుకుని చూపించారు. ఇక్కణ్ణించి రావాలిరా అని.

రెండో చరణం. కళ్ళు మూసుకున్నాను. గదిలో తెర మీద కొండలు కనిపించాయి. అదిగో పుట్ట. "ఎహెఁఁం!"

మీరు నమ్మండి నమ్మకపోండి, గోడలు కదిలాయి! అటూ ఇటూ, ముందూ వెనకా, ముసలీ ముతకా, ఒక్క గొంతై లేచింది చర్చి. పొట్టి హెం అన్నాను, కత్తితో కోసినట్టు ఆగింది. ఆవిడ పాట. మళ్ళీ నేను. మళ్ళీ వాళ్ళు. ఎన్ని బీట్లు చేశాను నా జన్మలో, ఒక్కడి కాలి వేలు కదిలించలేకపోయాను! ఇక్కడ గొంతు సవరించుకుంటే ఇంత జనం నా చేతిలో ఉంది. సలోమమ్మగారు నా ఎదురుగా నిలబడి, పెదాలు మాత్రం కదుపుతూ, చప్పుడు లేకుండా పాడుతున్నారు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, నవ్వుతున్నారు కూడా. అది చూసేసరికి నాకూ గొంతు పూడుకుపోయింది. ఆ పూడుకుపోయిన గొంతుతోనే తరవాతి ఎహెం అన్నాను. బొంగురుగా వణికింది. జనం కూడా అలాగే వణుకుతూ అందుకున్నారు! మా ఎహెంకి అంత విలువుందన్నమాట.

పాటయ్యాక కుర్రాళ్ళు దుప్పటి మళ్ళీ కప్పేశారు. వాళ్ళ పాట తరవాత పాడారు, అదీ బాగుంది. కేకు తినేటప్పుడు వాళ్ళలో ఒకతను పక్కకొచ్చి, "అన్నా, ఆ సౌండు మా కీబోర్డులో పెట్టుకుంటాం, ఇస్తావా?" అన్నాడు. పాస్టరుగారైతే మొదటి పాట సంగతి మళ్ళీ ఎత్తలేదు. సలోమమ్మగారు నా చేతిలో కేకు పెట్టి, పలక మీద రాసి చూపించారు: 'ఉన్నది ఉన్నట్టు అన్నానా లేదా?' నేను చెవులు పట్టుకున్నాను. అంత పెద్దావిడ, మెడలో పలకతో, భుజాలు అదిరేలా చప్పుడు లేకుండా నవ్వడం, ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? గొంతు తిరిగొచ్చింది ఆవిడకి. వేసవికల్లా మాట్లాడేస్తున్నారు. గొంతు పల్చబడింది, కానీ ఎంత తేటగా ఉందో! పదహారేళ్ళ పిల్ల పాడినట్టుంది. చిక్కేమిటంటే, గడ్డతోపాటు ఆ ఎహెం కూడా పోయింది. సవరించుకోవడానికి అక్కడేమీ లేదు మరి! ఆవిడ పట్టుబట్టి అన్నా, జనానికి ఆనలేదు. ఆ డిసెంబరులో జ్ఞానంగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"చెల్లాయి రమ్మంది బాబూ. నీ ఎహెం తీసుకుని బేగి వచ్చెయ్యమంది."

వెళ్ళాను. ఆ తరవాత ఏడూ వెళ్ళాను. ఆవిడ పాడడం, నేను ఎహెం అనడం. అసలు క్యాసెట్ పోగొట్టుకోలేదు, భద్రంగా ఉంది. ఆ తరవాత ఎవరి పాట వచ్చినా దగ్గుల జోలికి, తుమ్ముల జోలికి పోలేదు. కొయ్యబోతే చెయ్యి ఆగిపోయేది.

తరవాత సెల్‌ఫోన్లలోనే అందరూ అన్నీ చేసుకోవడం మొదలెట్టారు, నా స్టూడియో మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు ఎరువుల బస్తాలుంటాయి. సలోమమ్మగారూ లేరు. బెంగగా ఉంటుంది ఒక్కోసారి. ఆ వీధిలోకెళితే పైకి చూడకుండా నడుస్తాను. పాట ఇప్పుడు ఆవిడ కోడలు పాడుతుంది. గొంతు బావుంటుంది. సవరించుకునే అలవాటు మాత్రం లేదు.

అందుకని మొన్న క్రిస్మస్‌కీ కబురొచ్చింది. వెళ్ళాను. కొత్త పాస్టరుగారు, కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. నన్నెలా పరిచయం చెయ్యాలో ఆయనకి తోచలేదు. కాసేపు తటపటాయించి, "ఇప్పుడు ప్రముఖ ఎలక్ట్రానిక్ సంగీత దర్శకులు శ్రీనుగారు" అన్నారు. ఆ మాట నర్సీపట్నంలో మైకులో వినాలని ఎన్నాళ్ళు కలలు కన్నానో మీకేం తెలుసు! కాలరు సర్దుకుని, ఠీవిగా నడిచి వెళ్ళి, మైకు ముందు నిలబడి, "ఎహెఁఁం" అన్నాను. చర్చి మొత్తం అందుకుంది. ఇన్నేళ్ళ కెరీర్లో నాకు హిట్టయిన ట్రాక్ అదొక్కటేనండీ. దాంట్లో కూడా సంగీతం లేదు.